తుడవని పూత

పోయిన వారం మనం సోఫాల షెడ్డు దగ్గర ఆగిపోయాం. సోఫా కవర్లు కుట్టే ఆమెని అక్కడ అందరూ దారం అంటారు. ఆమె మధ్యాహ్నం భోజనాలకి ముందే మిషను దగ్గర నుంచి లేచింది. కత్తెర సొరుగులో పెట్టింది. మేస్త్రి దగ్గరికి వెళ్ళి, "రేపటి నుంచి నేను రానండీ, ఇంకెవరినైనా చూసుకోండి" అని చెప్పి బయటికి నడిచింది. కారణం మేస్త్రికి చెప్పలేదు. అదే షెడ్డులో బల్ల కాళ్ళకి పూత వేస్తున్న మొగుడికీ చెప్పలేదు.

ఆ మొగుణ్ణి అందరూ పాలిష్ అంటారు. చెక్కకి మెరుగు పెట్టడం అతని పని. ఇద్దరికీ ఇది రెండో పెళ్ళి. అతని మొదటి భార్య ఏళ్ళ తరబడి మంచాన ఉండి చనిపోయింది. ఈమె మొదటి మొగుడు చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. ఆమె విడాకులు తీసుకుని, ఎదురుచూడడం మానేసింది. పెళ్ళైన మర్నాడు ఇద్దరూ కలిసి పనికి వస్తే మేస్త్రి, "మెరుగు పెట్టేవాడూ కవరు కుట్టేదీ ఒకే ఇంట్లో ఉంటే ఇంక నేనెందుకయ్యా, షెడ్డు మీరే ఏలుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. దారం కూడా నవ్వింది. ఆ నవ్వు మొన్నమొన్నటి దాకా ఉంది. ఎప్పుడు పోయిందో పాలిష్‌కి తెలియలేదు.

సగం పూతతో బల్లని వదిలేసి పనివాడు లేవకూడదు. ఆరిన చోటికీ ఆరని చోటికీ మధ్య గీత పడుతుంది, ఆ గీత ఇంక ఎంత రుద్దినా పోదు. ఆ సంగతి తెలిసీ అతను లేచాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

దారం మంచం మీద బట్టలు సర్దుతోంది. తన బట్టలు మాత్రమే. అతని చొక్కాలు మడతపెట్టి పక్కకి నెట్టింది.

"ఏంటిది?" అన్నాడు గుమ్మంలోనే.

"చెప్పులు విప్పి లోపలికి రండి. అరవకండి, పక్కింటివాళ్ళు ఇంట్లోనే ఉన్నారు."

"నేను అరవలేదు."

"అరవబోతున్నారు. నాకు తెలుసుగా."

అతను చెప్పులు విప్పాడు. సంచి గోడకి ఆనించాడు. కూర్చోవాలో నిలబడాలో తెలియక మంచం కోడు పట్టుకున్నాడు.

"మా అక్కయ్య ఊరు వెళ్తున్నాను," అంది ఆమె. "ఎల్లుండి. రేపు ఆసుపత్రిలో నరాల పరీక్ష ఉంది, అది అయిపోగానే."

"నరాల పరీక్షా? ఎవరికి?"

"నాకే. ఎవరికోసమో నేను చేయించుకుంటానా?" ఒక చీర మడత విప్పి మళ్ళీ మడిచింది. "మా అక్కయ్యకి ఎలా మొదలైందో మీకు చెప్పాను కదా. నడుం కింద మొద్దుబారింది. ఎవరూ పట్టించుకోలేదు, తనూ పట్టించుకోలేదు. ఇప్పుడు పక్క మీద ఒకరు తిప్పితే గానీ తిరగదు. నాకూ అదే మొదలైంది."

"ఎక్కడ మొద్దుబారింది?"

ఆమె కిటికీ వైపు చూసింది. "అక్కడ."

"ఎక్కడ?"

"అక్కడే అంటే అర్థం కాదా మీకు? మనిద్దరం కలిసినప్పుడు." గొంతు తగ్గించింది. "మొదట్లో బాగానే ఉండేదాన్ని. ఈమధ్య మీరు దగ్గరికి వస్తే కాసేపటికి ఏమీ తెలియడం లేదు. చెక్క ముక్కలా అయిపోతోంది. నిద్రలేచేసరికి మళ్ళీ స్పర్శ వస్తోంది. మళ్ళీ మీరు వస్తే మళ్ళీ పోతోంది. డాక్టరమ్మకి ఇదంతా విడమరిచి చెప్పలేక నడుం కింద తిమ్మిరి అని చెప్పాను. మా అక్కయ్య సంగతి చెప్పగానే ఆవిడ వెంటనే పరీక్ష రాసింది."

పాలిష్ మంచం కోడు వదిలేశాడు. గోడకి ఆనించిన సంచి వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు.

"ఒకసారి చేశారు మీరు," అంటోంది దారం. "తినిపించారు, ఒళ్ళు తుడిచారు, పక్క మార్చారు. మీ అక్క నాకు అంతా చెప్పింది. ఆ చాకిరీ మీ చేత రెండోసారి చేయించను. అంతకంటే ఇప్పుడే వెళ్ళిపోవడం నయం. మీ అక్కకి కూడా కబురు చేశాను, తాళాలు తీసుకోవడానికి వస్తుంది."

"ఆగు," అన్నాడు. "నేను ఇప్పుడే వస్తాను."

సంచి తీసుకుని గుమ్మం దాటాడు.

"పాలిష్ గారూ!" వెనక నుంచి పిలిచింది. పెళ్ళైనా ఆమెకి కంగారు పుడితే పాత పిలుపే వస్తుంది. "పారిపోతున్నారా?"

అతను వీధిలోకి వచ్చాడు.

ఆ వీధిలో ఇస్త్రీ కొట్టు, సైకిళ్ళ కొట్టు, తాళాల కొట్టు వరసగా ఉంటాయి. అందరూ అతన్ని పలకరిస్తారు. ఈరోజు ఎవరు ఏమన్నారో అతనికి వినపడలేదు. నడుస్తున్నాడు, నడుస్తూనే వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి వస్తున్నాడు. రోడ్డు దాటి మళ్ళీ ఇటే దాటాడు.

సంగతి ఇది. పెళ్ళైన కొత్తలో అతనికి అంతా క్షణంలో అయిపోయేది. ఏళ్ళ తరబడి మంచాన పడ్డ భార్య పక్కన మనసు రాయి చేసుకుని పడుకున్నవాడు మరి. ఆ మొదటి రోజు దారం గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తూ అతను తెల్లారేదాకా మేలుకున్నాడు. మర్నాడు బస్సుల దగ్గర ఒకడు అమ్మే నూనె సీసా కొన్నాడు. అది రాసుకున్నాక స్నానాల గదిలో నీళ్ళ తొట్టి మొత్తం ఒంటి మీద కుమ్మరించుకున్నాడు, అంత మంట. ఏమైందని దారం అడిగితే, పాలిష్‌లో కలిపే టర్పెంటైన్ పడింది అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ తెలియని పేటకి వెళ్ళి ఒక మందుల షాపులో నిలబడ్డాడు. అక్కడి కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని, వరసలో ఉన్న అందరికీ వినపడేలా, "స్ప్రే కావాలా, క్రీము కావాలా, తుడుచుకునే కాగితాలు కావాలా?" అని అరిచాడు. అతనికి తెలిసిన పని వేలితో పూయడం. క్రీము అన్నాడు. ఇంట్లో కనపడకూడదని అట్టపెట్టె, లోపలి కాగితం మడతతో సహా దారిలో చెత్తకుండీలో పడేశాడు. ట్యూబుని మాత్రం సంచిలో గరుకు కాగితాల కింద దాచాడు. అక్కడ చెయ్యి పెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

ఎలా వాడాలో అతను ఎవరినీ అడగలేదు. పూత వెయ్యడం అతనికి ఒకరు నేర్పాలా? పలచగా ఒక పూత, ఆరనిచ్చి ఇంకో పూత.

మందుల షాపు కోసం ఈసారి అతను పేట మారలేదు. వీధి చివరి షాపుకే వెళ్ళాడు. అక్కడ మందులావిడ ఒక్కతే ఉంది, యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుంటుంది. ఒక ముసలాయన బీపీ బిళ్ళలు తీసుకుని వెళ్ళేదాకా పాలిష్ పక్కన నిలబడ్డాడు. తర్వాత ఒక తల్లి బిడ్డకి జ్వరం మందు తీసుకుని వెళ్ళేదాకా నిలబడ్డాడు.

"చెప్పండి."

"నొప్పుల బామ్ ఇవ్వండి."

ఇచ్చింది.

"ఒక బ్యాండేజీ."

ఇచ్చింది.

"దగ్గు బిళ్ళలు."

ఆవిడ చేతులు కట్టుకుంది. "దగ్గు బిళ్ళలు కూడా ఇస్తాను. అసలు కావలసింది అడుగుతారా, లేకపోతే షాపంతా కొనేస్తారా?"

పాలిష్ సంచిలో చెయ్యి పెట్టి ట్యూబు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. పెట్టిన చేత్తోనే సగం కప్పాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, అతని వేళ్ళు పక్కకి జరిపి, చదివింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. అది చూసి అతనికి కొంచెం ఊపిరి వచ్చింది.

"ఏంటి ఇబ్బంది? మంటా, దద్దురా?"

"నాకేం లేదు మేడమ్. బాగానే పనిచేస్తోంది. మా ఆవిడకి..." వెనక ఎవరైనా వచ్చారేమోనని చూశాడు. "ఇది రాసుకుంటే ఎదుటివాళ్ళకి ఏమైనా అవుతుందా?"

"ఎంత రాస్తున్నారు?"

"రెండు పూతలు."

"పూతలా?"

"ఒకటి వేసి ఆరాక ఇంకొకటి."

ఆవిడ అతని వైపు చూసింది. అతని గోళ్ళ చుట్టూ ఉన్న ఎర్రమట్టి రంగు మరకల వైపు చూసింది. "పాలిష్ పనా మీది?"

"అవును మేడమ్."

"మరి ఎప్పుడు కడుగుతున్నారు?"

"కడగడం ఏంటి?"

"ఆవిడ దగ్గరికి వెళ్ళే ముందు. కడగడమో, తడిగుడ్డతో తుడవడమో."

"పూసింది తుడిచేస్తే ఇంక పుయ్యడం ఎందుకు మేడమ్?" అన్నాడు పాలిష్. ఆ మాట అంటున్నప్పుడు అతనికి అది చాలా న్యాయమైన ప్రశ్న అనిపించింది.

ఆవిడ కళ్ళజోడు తీసేసి పక్కకి తిరిగింది. భుజాలు ఒకసారి కదిలాయి. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం మామూలుగా ఉంది.

"ఇది చెక్క కాదండీ, చర్మం. పైన నిలవడానికి కాదు ఈ మందు, లోపలికి ఇంకడానికి. బఠాణీ గింజంత తీసుకుని రాసుకోవాలి. ఇది పంటి డాక్టరు చిగుళ్ళకి రాసే మందు లాంటిదే, స్పర్శ తగ్గిస్తుంది. పావుగంట లోపు దాని పని అది చేస్తుంది. అప్పుడు పైన మిగిలినదంతా కడిగేసుకోవాలి. కడగకుండా వెళ్తే అదంతా ఆవిడకి అంటుతుంది. మీకు తగ్గాల్సిన స్పర్శ ఆవిడకి పోతుంది. మీరేమో రెండు పూతలు వేస్తున్నారు!"

"పోతే... మళ్ళీ వస్తుందా?"

"వస్తుంది. కొన్ని గంటల్లో వస్తుంది. వాడడం ఆపితే ఇంక పోదు."

పాలిష్ గాజు బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చేట్టున్నాయి.

"లోపలి కాగితంలో ఇదంతా ఉంటుంది, చదవలేదా?"

"పడేశాను మేడమ్. మా ఆవిడ చూస్తుందని."

"అదీ సంగతి. ఇంకోసారి వాడాలనుకుంటే ఎక్కువ తక్కువ కాకుండా కొలత తెలిసే స్ప్రే తీసుకోండి, ఒక్కో నొక్కుకి ఇంతే పడుతుంది. అయినా అదీ తుడవాల్సిందే. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి. పుండున్నచోట రాయకండి. రోడ్డు మీద అమ్మే నూనెల జోలికి అసలు వెళ్ళకండి." అతని మొహం చూసి ఆగింది. "వెళ్ళారు కదా? సరే, దాని గురించి అడగను. ఇంకో మాట. ఆవిడకి చెప్పి వాడండి."

"చెప్పాలా?"

"పూసుకునేది మీరే. తగిలేది ఇద్దరికి."

పాలిష్ ట్యూబు సంచిలోకి తోసేశాడు. అప్పటికే ఒక కాలు మెట్టు దిగింది. "రేపు నరాల పరీక్ష ఉంది మేడమ్, మానేస్తాం ఇంక!" అన్నాడు వెనక్కి చూస్తూ.

"అది నేను చెప్పలేనండీ, డాక్టరుకి ఈ ట్యూబు చూపించి..." అని ఆవిడ అంటోంది. అతను వీధిలో ఉన్నాడు. బామ్, బ్యాండేజీ, దగ్గు బిళ్ళలు బల్ల మీదే ఉండిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి అక్క ఉంది. అతని అక్క, ఈ పెళ్ళి కుదిర్చిన మనిషి. కుర్చీలో కూర్చుని చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. దారం సంచి జిప్పు వేసేసింది. తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది.

"వచ్చావా? ఎక్కడికి పోయావురా, ఇంట్లో ఇంత జరుగుతుంటే?"

"అక్కా, నువ్వు కాసేపు వంటింట్లోకి వెళ్ళు."

"నేనెందుకు వెళ్ళాలి?"

"టీ పెట్టు."

"టీయా? ఇప్పుడా?" అక్క లేవలేదు. "ఒరేయ్, నా మాట విను. ఈ పిల్ల మంచిది కాబట్టి తనంతట తనే వెళ్తానంటోంది. నేనైతే ఆపను. మొదటిదాని దగ్గర నువ్వు ఎలా అయిపోయావో చూశాను. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. మళ్ళీ అది చూసే ఓపిక నాకు లేదు. వెళ్ళనీ."

"వదిన చెప్పింది నిజమే," అంది దారం. ఏడవడం లేదు. ముందే ఏడ్చేసిన మొహం అది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాడు పాలిష్. "జబ్బు కాదు అది."

"మీకెలా తెలుసు?"

"తెలుసు."

"డాక్టరమ్మకి తెలియనిది మీకు తెలుసా?"

అతను అక్క వైపు చూశాడు. అక్క కదలలేదు. చిన్నప్పుడు అతనికి స్నానం చేయించిన అక్క. ఆమె ముందు ఈ మాట ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఆ జిప్పు వేసిన సంచి లేచి వెళ్ళిపోతుంది.

"నేను ఒక మందు రాసుకుంటున్నాను," అన్నాడు.

"ఏం మందు?" అంది అక్క. "నీకేమైంది?"

"నాకేం కాలేదక్కా! అదీ... తొందరగా అయిపోకుండా రాసుకునే మందు."

"ఏది అయిపోకుండా?"

దారం మెల్లగా తల ఎత్తింది. ఆమెకి అర్థమవుతోంది. అక్కకి ఇంకొక క్షణం పట్టింది. అర్థమవగానే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, వంటింట్లోకి గబగబా అడుగులు, అవసరం లేకుండా గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు. "టీ పెడుతున్నానురా!" అని లోపలి నుంచి పెద్దగా అరిచింది.

పాలిష్ సంచిలో చెయ్యి పెట్టి వెతికాడు. ట్యూబు చేతికి తగలలేదు. చివరికి సంచి తలకిందులు చేసి నేల మీద కుమ్మరించాడు. గరుకు కాగితాలు, దూది ఉండలు, కుంచెలు, కుర్చీ వెనక గుడ్డ బిగించే చిన్న చిన్న మేకులు గదంతా చెల్లాచెదురయ్యాయి. వాటి మధ్య నుంచి ట్యూబు తీసి ఆమెకి చూపించాడు.

"ఇది తుడుచుకుని నీ దగ్గరికి రావాలట. నేను రెండు పూతలు వేసి తుడవలేదు. పూత తుడవకూడదు అనుకున్నాను. అందుకే నీకు అలా అయింది. నీ ఒంట్లో ఏ జబ్బూ లేదు."

దారం ట్యూబుని తీసుకుని తిప్పి చూసింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నెల తర్వాత నుంచి."

"నన్ను అడగొద్దా?"

"ఏమని అడగను?"

"ఏమని అడుగుతారో మీకే తెలియాలి! నేను అక్కడ డాక్టరమ్మ ముందు సిగ్గుతో చెప్పలేక ఏడ్చాను. మా అక్కయ్య మంచం పక్కన ఇంకో మంచం వేస్తే చోటు సరిపోతుందా అని ఆలోచించుకున్నాను. మీరేమో సోఫా కాళ్ళకి వేసినట్టు నాకు పూతలు వేశారు!" ట్యూబుని అతని మీదికి విసిరింది. అది భుజానికి తగిలి పడింది. ఆమె గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, మళ్ళీ ఇటు నడిచింది. "బుద్ధి ఉందా మీకు? అసలు ఎందుకు రాసుకున్నట్టు?"

"ఆరోజు నువ్వు గోడ వైపు తిరిగావు."

"ఏరోజు?"

"మొదటి రోజు. అయిపోగానే."

దారం ఆగింది. గుర్తు తెచ్చుకోవడానికి నుదురు ముడిచింది. "అటువైపు ఫ్యాను గాలి రాదండీ, నాకు చలి వేసింది. అందుకే తిరిగాను." అతని వైపు నమ్మలేనట్టు చూసింది. "మీరు నా జుట్టులో చెయ్యి పెట్టుకుని పడుకున్నారు, అది గుర్తుంది. మిగతాది నాకు గుర్తు కూడా లేదు."

అతను నేల మీదే కూలబడ్డాడు. ఆమెకి మొదట పెదవి వణికింది, తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. "రెండు పూతలట!" అంది. వంటింట్లో నుంచి కూడా నోరు నొక్కుకున్న నవ్వు వినపడింది. "వదినా, మీరు వినకండి!" అని దారం అరిచింది. "నేను వినడం లేదమ్మా!" అని అక్క అరిచింది. పాలిష్ కూడా నవ్వాడు. ఇన్ని నెలలుగా ఛాతీలో పట్టేసిన కీలు ఏదో వదులైంది. ఆమె సంచి దగ్గరికి వెళ్ళింది, జిప్పు లాగింది, చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువా దగ్గరికి, మళ్ళీ మంచం దగ్గరికి, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ తిరుగుతోంది.

నేల మీద కూర్చున్న పాలిష్‌కి అప్పుడు ఎర్ర మరకలు కనిపించాయి. బీరువా దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి, మధ్యలో ఇంకొకటి. తన సంచిలో ఏదో సీసా కారింది అనుకుని వేలితో అద్ది చూశాడు. అతని వేలికి ఎరుపులన్నీ తెలుసు. ఇది పాలిష్ రంగు కాదు. వెచ్చగా ఉంది.

"దారం, ఒకసారి ఆగు."

"ఏంటండీ మళ్ళీ?" అంది ఆమె, ఇంకా నవ్వుతూనే, ఒక చీర గుండెకి పట్టుకుని.

"కుడి కాలు ఎత్తు."

ఎత్తింది. పాదం మధ్యలో చిన్న మేకు తల దాకా దిగి ఉంది. ఆమె వంగి దాన్ని చూసింది, మరొకరి కాలుని చూసినట్టు.

"ఇదెప్పుడు గుచ్చుకుంది?" అని అడిగింది.